ఎండలో కుడూ వేట: ఇది స్పీడు సంగతి కాదు

కుడూ అంటే ఆఫ్రికాలో ఉండే పెద్ద జింక లాంటి జంతువు. ఆఫ్రికా దక్షిణ భాగంలోని ఆదివాసులు శాన్ వాళ్లు, అది వేడికి కదల్లేక ఆగిపోయేదాకా పరిగెత్తి తరిమి దాన్ని వేటాడతారు. ఈ వేట గురించి ఏ వీడియో పెట్టినా కింద అదే కామెంట్: "శాన్ వేటగాళ్లు కుడూ కన్నా స్పీడుగా పరిగెడతారంట!" చదివిన ప్రతిసారీ ఒళ్లు మండిపోతుంది. ఆ జంతువు ఒక్క ఉరుకు ఉరికిందంటే కాసేపట్లో పొదల వెనక మాయం, దాని స్పీడు ఏ మనిషికీ రాదు.

ఎండాకాలం మధ్యాహ్నం లోడుతో ఘాట్ రోడ్డెక్కే లారీని గుర్తు తెచ్చుకోండి. ఇంజన్‌లో బలం ఉంటుంది, డీజిల్ ఉంటుంది, కానీ రేడియేటర్ మరిగిపోతే బండి ఆగాల్సిందే. కుడూ ఆ లారీ. మగది 200 కిలోలు దాటుతుంది, నెత్తిన మెలికలు తిరిగిన బరువైన కొమ్ములు. ఒంట్లో వేడిని అది ముఖ్యంగా రొప్పుతూ వదిలించుకోవాలి, దౌడు తీస్తున్నప్పుడేమో సరిగ్గా రొప్పలేదు. మనిషికి మాత్రం ఒళ్లంతా రేడియేటరే, లక్షల కొద్దీ చెమట గ్రంథులు, మీద బొచ్చు లేదు, పరిగెడుతూనే చల్లబడతాడు. అందుకే బోట్స్వానాలోని కలహారీ ఎడారిలో ఈ వేట మిట్టమధ్యాహ్నం, 40 డిగ్రీల ఎండలో చేస్తారు. చల్లటి పూట మొదలుపెడితే లారీ హాయిగా కొండెక్కేస్తుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ముక్క. లారీని కాసేపు నీడలో ఆపితే ఇంజన్ చల్లబడుతుంది కదా, కుడూ కూడా అలాగే చెట్టు కింద నిలబడుతుంది. అది చల్లబడేలోపు వేటగాడు అక్కడికి చేరాలి, కానీ జంతువు కంటికి ఆనదు, ఉన్నది ఇసుకలో గిట్టల జాడ ఒక్కటే. ముద్ర అంచు పదునుగా ఉందా, గాలికి రాలిందా, అడుగుకీ అడుగుకీ మధ్య దూరం తగ్గిందా, గిట్ట ఈడ్చిన గీత పడిందా, ఇదంతా పరిగెడుతూనే చూసుకోవాలి. పైగా కుడూ తిరిగొచ్చి మందలో కలిసిపోయి, పొరపాటున అలసిపోని ఇంకోదాని జాడ పట్టుకున్నారంటే కథ మళ్లీ మొదటికే. జాడ దొరకని చోట, ఈ స్థితిలో కుడూ ఎటు పోయి ఉంటుందో ఊహించి అటే పరిగెడతారు. ఇంత తెలివిని "స్టామినా" అని ఒక్క మాటలో తేల్చేయడం అన్యాయం అంటాను నేను.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. ముందు కడుపునిండా నీళ్లు తాగి కొందరు కలిసి బయల్దేరతారు, చివరికి ఒక్కడే తరుముతాడు. రెండు నుంచి ఐదు గంటలు, 25–35 కిలోమీటర్లు. ఆఖరికి కుడూ కదల్లేక నిలబడిపోతే బల్లెంతో పొడుస్తారు. వాళ్లతో పాటు పరిగెత్తిన పరిశోధకుడు లూయీ లీబెన్‌బర్గ్ రాసిన వివరాలు 2006లో అచ్చయ్యాయి. అదే ఏడాది బోట్స్వానా హైకోర్టు, సెంట్రల్ కలహారీ గేమ్ రిజర్వ్ అనే అభయారణ్యం నుంచి శాన్ వాళ్లని పంపేయడం తప్పని, వాళ్లకి వేట లైసెన్సులు ఇవ్వకపోవడం చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. 2014లో ప్రభుత్వం వేటని నిషేధించింది, 2019లో ఆ నిషేధం ఎత్తేసింది.

ఎలాండ్ అనే ఇంకో పెద్ద జింక లాంటి జంతువుని పురుగు లార్వా విషం పూసిన బాణంతో కొట్టే పద్ధతి ఇంకోటి ఉంది, అది వచ్చే వీడియోలో.