రూపాయిన్నర వడ్డీకి 50 మందికి అప్పిచ్చాను

అన్న: అందరికీ నమస్కారం. పోయిన ఎపిసోడ్‌లో చిట్టీల గురించి చెప్పుకున్నాం. ఇవాళ మా చెల్లి యాప్‌లో అప్పులిచ్చిన సంగతి. పీర్ టు పీర్ అంటారు కదా, బ్యాంకు కాకుండా మనలాంటివాళ్లే యాప్ ద్వారా తెలియనివాళ్లకి అప్పివ్వడం, అది. ఎంత పెట్టావమ్మా?

చెల్లి: 50 వేలు అన్నయ్యా. ఒక్కొక్కరికి వెయ్యి చొప్పున 50 మందికి. 12 నెలల గడువు, 18 శాతం. మన ఊరి లెక్కలో రూపాయిన్నర వడ్డీ.

అన్న: అమ్మమ్మ ఇచ్చినట్టే.

చెల్లి: నేనూ అలాగే అనుకున్నాను. నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం పెట్టించుకుని, ట్రంకు పెట్టెలో చీర మడతల్లో దాచేది గుర్తుందా? కానీ అమ్మమ్మకి ఆ మనిషి ఇల్లు తెలుసు, పొలం తెలుసు, పంట ఎప్పుడు చేతికొస్తుందో తెలుసు. నాకు ఫోన్లో కనిపించింది వయసు, ఊరు, జీతం, క్రెడిట్ స్కోరు, అంటే పాత అప్పులు ఎలా కట్టారో చెప్పే మార్కులు. అప్పు ఎందుకు అన్నచోట ఒక్క ముక్క. అంతే.

అన్న: మధ్యలో కంపెనీ ఉంది కదా?

చెల్లి: వసూలుకి వాళ్లు తిరుగుతారు, నష్టం మాత్రం మనదే. తాకట్టు ఉండదు. కంపెనీ హామీ ఇవ్వకూడదని 2017లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధనల్లోనే ఉంది. అయినా కొందరు 'ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు' అంటూ దీన్ని ఎఫ్‌డీలా అమ్మారు. 2024 ఆగస్టులో ఆర్‌బీఐ దాన్ని ఆపింది. మంచి పని చేసింది.

అన్న: మరి లాభం సంగతి? 18 శాతమంటే వెయ్యికి 180 కదా?

చెల్లి: రాదు. ఇది చెప్పాలనే కూర్చున్నాను. నెల వాయిదా దాదాపు 92 రూపాయలు. అందులో అసలు కూడా కొంత వచ్చేస్తుంది కాబట్టి, వడ్డీ మిగిలిన అసలు మీదే పడుతుంది. ఏడాదికి మొత్తం వచ్చేది 1,100. అంటే వడ్డీ వందే. ఒక్కరు మొదటి వాయిదా కూడా కట్టకపోతే పోయేది వెయ్యి. పదిమంది ఏడాదంతా కట్టిన వడ్డీ ఆ ఒక్కచోటే పోయినట్టు.

అన్న: అమ్మో! 50 మందిలో ఐదుగురు అలా చేస్తే?

చెల్లి: మిగతా 45 మంది దగ్గర వచ్చేది 49,500. అసలుకే 500 తక్కువ. కంపెనీ ఫీజు వేరే.

అన్న: నీకెంతమంది ఆపేశారు?

చెల్లి: ముగ్గురు. ఒకరు ఒక్క వాయిదాతో ఆగిపోయారు, ఇద్దరు ఏడు కట్టాక. ఫీజు పోను నాకు మిగిలింది సుమారు 2,500. వచ్చిన వడ్డీ మీద స్లాబు ప్రకారం పన్ను కట్టాలి. పెట్టిన రోజు 18 శాతమే కళ్లముందు ఉంది, చివరికి మిగిలింది అయిదు.

అన్న: ఆ ఏడు వాయిదాలు కట్టినవాళ్ల మీద కోపం రాలేదా?

చెల్లి: ఒకరు అప్పు ఎందుకు అన్నచోట 'అమ్మ ఆపరేషన్' అని రాశారు. ప్రతి నెలా 5వ తేదీకల్లా కట్టేవారు. ఎనిమిదో నెల పడలేదు. కోపం కాదు అన్నయ్యా, దిగులేసింది. ఆ అమ్మకి ఎలా ఉందో అడుగుదామన్నా నాకు పేరు కూడా తెలీదు. అమ్మమ్మ అయితే వాళ్లింటికెళ్లి, చూసి, గడువు పెంచి వచ్చేది.

అన్న: మళ్లీ పెడతావా?

చెల్లి: కొత్త అప్పులు ఇవ్వడం ఆపేశాను. కానీ 5వ తేదీ వస్తే ఇప్పటికీ యాప్ తెరుస్తాను. మొన్నా చూశాను. ఏమీ పడలేదు.