జీడి మరక పోతుందా? మారుమనస్సు గురించి కొన్ని మాటలు

[దృశ్యం: ఉద్దానంలో జీడి తోట. తెల్ల చొక్కా మీద గోధుమరంగు మరక, బాగా దగ్గరగా]

అందరికీ వందనాలు. ఈ చొక్కా నాదే. పలాస దగ్గర చుట్టాలింటికి వెళ్లినప్పుడు, సరదాకి పచ్చి జీడి పిక్క కొట్టాను. జీడి చింది ఇక్కడ పడింది. సబ్బు అయింది, నిమ్మకాయ అయింది, చివరికి బ్లీచింగ్ పెట్టాను. బ్లీచింగ్‌కి చొక్కా చిరిగింది గానీ మరక పోలేదు.

యిర్మీయా 2:22లో దేవుడు ఇశ్రాయేలీయులతో అంటున్నది ఇదే. క్షారంతో కడుక్కున్నా, ఎంత సబ్బు రాసుకున్నా, మీ దోషం మరకలా కనబడుతూనే ఉంది అని.

[దృశ్యం: శ్రీకాకుళం, నాగావళి రేవు. బండ మీద బట్ట పడే చప్పుడు]

ఇప్పుడు 51వ కీర్తన. వేరొకరి భార్య బత్షెబతో చేసిన తప్పు గురించి నాతాను ప్రవక్త ముఖం మీదే అడిగాక దావీదు రాజు చేసిన ప్రార్థన. ‘నన్ను కడుగుము’ అంటాడు. మన తెలుగు బైబిల్లో మాట అదే. హెబ్రీలో మాత్రం అక్కడున్నది ‘కాబస్’. ఒళ్లు కడుక్కోవడానికి హెబ్రీలో వేరే మాట ఉంది. కాబస్ బట్టలకి వాడేది: తొక్కి, పిండి, ఉతకడం. అంటే రాజుగారు నాలుగు నీళ్లు చల్లమనడం లేదు, రేవులో బట్టలా నన్ను ఉతుకు అంటున్నాడు. ఈ చప్పుడు వింటూ ఆ కీర్తన చదవండి, వేరేగా ఉంటుంది. ఇంకో సంగతి, ఏ బట్టా తనని తాను ఉతుక్కోదు.

[దృశ్యం: మాట్లాడే వ్యక్తి, రేవు మెట్ల మీద]

మరి మన పని ఏమిటి? ఏడవడమా? ఉజ్జీవ సభల్లో నేనూ ఏడ్చాను. సోమవారానికి మామూలే. పశ్చాత్తాపం అంటే తర్వాత పుట్టే తాపం, పేరులోనే ఉంది. మత్తయి 27:3 ప్రకారం యేసుని డబ్బుకి పట్టించిన శిష్యుడు యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడు, ఆ 30 వెండి నాణేలు తిరిగిచ్చేశాడు. కానీ వెళ్లింది ప్రధానయాజకుల దగ్గరికి, యేసు దగ్గరికి కాదు. బాప్తిస్మమిచ్చు యోహాను ప్రకటించింది వేరే మాట, గ్రీకులో ‘మెటనోయియా’. మనసే మారడం. మన అనువాదకులు దానికి ‘మారుమనస్సు’ అని పెట్టారు. ఇంతకంటే మంచి తెలుగు మాట నాకు తట్టదు.

అది ఎలా ఉంటుందో లూకా 19లో పన్నులు వసూలు చేసే జక్కయ్యని చూడండి. ఆస్తిలో సగం పేదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి. మన లెక్కలో చెప్తాను. జీడి పిక్కల బస్తా 80 కిలోలు. ఒక వ్యాపారి బస్తాకి 2 కిలోలు తూకంలో కొట్టేశాడనుకోండి. జక్కయ్య లెక్కన ఆ రైతు గుమ్మం ఎక్కి, బస్తాకి 8 కిలోల డబ్బు చేతిలో పెట్టాలి. డబ్బు కంటే ఆ గుమ్మం ఎక్కడమే కష్టం! అయితే వరుస గమనించండి. యేసు ముందు అతని ఇంటికి వస్తానన్నాడు, లెక్క తర్వాత తేలింది.

[దృశ్యం: సాయంత్రం. పెంకుటింటి ముందు గోలెం, చెంబు, మట్టి కాళ్లు]

బాప్తిస్మం తీసుకున్నాక కూడా తప్పు చేస్తే, మళ్లీ మొదటినుంచా అని చాలామందికి టెన్షన్. యోహాను 13లో, రాత్రి భోజనం దగ్గర యేసు శిష్యుల కాళ్లు కడుగుతుంటే, పేతురు కూడా కాళ్లతో ఆగక, చేతులూ తలా కడగమన్నాడు. స్నానం చేసినవాడికి కాళ్లు కడుక్కుంటే చాలన్నాడు యేసు. పొద్దున్న స్నానం చేసి తోటకెళ్లిన మనిషి, సాయంత్రం గోలెం దగ్గర కాళ్లే కదా కడుక్కుంటాడు. రోజూ రాత్రి ఆ రోజు తప్పు ఆ రోజే పేరు పెట్టి దేవుడి దగ్గర ఒప్పుకోవడం అలాంటిదే. ‘నా పాపాలన్నీ’ అని గంపగుత్తగా కాదు.

ఆ రాత్రి కడిగించుకున్న పాదాల్లో యూదావి కూడా ఉన్నాయి. ‘మీలో అందరూ శుద్ధులు కారు’ అని యేసు అన్నది అప్పుడే.