ఉప్పు పాకెట్ మీద తేదీ వేయండి

అధ్యక్షులవారికి, బెంగళూరు మల్లేశ్వరం తెలుగువారందరికీ నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురుగాని, ముందొక ప్రశ్న. మీ ఇంట్లో కిలో ఉప్పు పాకెట్ ఎన్నాళ్లొస్తుంది?

చూశారా, ఒక్కరూ చెప్పలేదు! గ్యాస్ సిలిండర్ ఎప్పుడు మార్చారో మాత్రం తేదీతో సహా చెప్తారు.

బీపీకి తిండి, నడక, నిద్ర అన్నీ చెప్పమన్నారు. చెప్తాను, ముందు ఈ పాకెట్ సంగతి తేలనివ్వండి. పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. తలగొట్టిన చిన్న చెంచాడు. నలుగురికి 20 గ్రాములు, అంటే కిలో 50 రోజులు రావాలి. పాకెట్ కత్తిరించిన రోజే దానిమీద పెన్నుతో తేదీ వేయండి. నెలకే అయిపోయిందా, తలకి 8 గ్రాములు దాటినట్టే. ఇందులో ఆవకాయ లేదు, అప్పడం లేదు, ఊరమిరపకాయ లేదు, ఆదివారం ఆంధ్రా మెస్‌లో తిన్న గోంగూరా లేదు.

ఏమిటమ్మా? సైంధవ లవణమా? తెల్లదైనా గులాబీదైనా అది సోడియం క్లోరైడే తల్లీ! ధర పెరిగింది, సోడియం తగ్గలేదు. పైగా చాలావాటిలో అయోడిన్ కలపరు. ఆరోగ్యానికి మంచిదని ఇంకో చిటికెడు వేసేవాళ్లని చూస్తే నాకే బీపీ పెరుగుతుంది.

లో-సోడియం ఉప్పు వేరు. దాన్లో కొంత పొటాషియం క్లోరైడ్ ఉంటుంది, బీపీ తగ్గుతుంది కూడా. కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టొద్దు. రక్తంలో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.

ఒక్కరోజులో సగానికి కోసేయకండి, మూడోనాటికి అందరూ పచ్చడి జాడీ మీద పడతారు. వారం వారం కాస్త కాస్త తగ్గించండి. పప్పు దించాక నిమ్మకాయ పిండండి. పెరుగన్నంలోకి ఆవకాయ ఉన్నప్పుడు అన్నంలో మళ్లీ ఉప్పెందుకండీ?

అలాగని అంతా ఉప్పే కాదు. బీపీకి ఏ తిండి మంచిదో చూసి అమెరికాలో 1997లో వెలువరించిన డాష్ అనే పరిశోధనలో ఉప్పూ మార్చలేదు, బరువూ మారనివ్వలేదు. పళ్లు, కూరగాయలు, కొవ్వు తీసిన పాలు, పెరుగు బాగా పెట్టారు. బీపీ ఉన్నవాళ్లకి పై అంకె సుమారు 11 తగ్గింది. మనకి తోటకూర, అరటిపండు, పల్చటి మజ్జిగ లేవూ? మజ్జిగలో ఉప్పు వేయకండి మళ్లీ.

టైమైపోయిందంటున్నారు. నడక వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలగాలి, పాట పాడలేనంత వేగం ఉండాలి. శాంకీ చెరువు చుట్టూ తిరిగొచ్చి వడా సాంబారు లాగిస్తే బరువు దిగదు. కిలో దిగితే పై అంకె దాదాపు ఒకటి దిగుతుంది. మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.

బయట బల్ల దగ్గర బీపీ చూస్తారు. ఇప్పుడే కాఫీ తాగినవాళ్లు అరగంటాగి రండి. వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి బల్లమీద గుండె ఎత్తున ఉంచండి, కిందికి వేలాడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. బీపీ మిషను పట్టీని చొక్కా చేతిమీద కట్టించుకోవద్దు. చూస్తున్నంతసేపూ కబుర్లు బంద్.