చెంబు పట్టుకునే ముందు

శ్రోతలకు నమస్కారం.

తెల్లని పడగలాంటి పువ్వుతో కుండీలో పెరిగే పీస్ లిల్లీ మొక్క తెలుసు కదా, మా ఇంట్లో మొదటిదాన్ని చంపింది నేనే. నీళ్లు పోయక కాదు, పోసి.

తిరుచానూరు రోడ్డులోని ఒక నర్సరీలో కొన్నాను. మే నెల. తిరుపతి ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు, 40 డిగ్రీలు దాటిన రోజులు. ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆకులన్నీ కుండీ అంచు మీదుగా వేలాడుతున్నాయి. కంగారుగా చెంబెడు నీళ్లు పోశాను. రాత్రి భోజనాల వేళకు ఒక్కొక్క ఆకే లేచి నిలబడింది. మురిసిపోయి వీధిలో అందరికీ చెప్పాను. వారం తిరగకుండా మళ్లీ వాలింది. మళ్లీ చెంబు. ఈసారి లేవలేదు. ఇంకో చెంబు పోశాను. నాలుగో రోజుకు కుండీ దగ్గర మురుగు వాసన. పెకలించి చూస్తే వేళ్లు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పైపొర ఊడి లోపల దారం మిగిలింది.

వేరుకు నీరు ఎంత కావాలో గాలీ అంత కావాలి. మట్టి సందులన్నీ నీటితో నిండితే దానికి ఊపిరాడదు, కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీటిని పీల్చలేదు. కింద చెరువున్నా పైన ఆకుకు కరువే. అందుకే దాహంతో వాలిన మొక్కా, మునిగి వాలిన మొక్కా చూడటానికి ఒకేలా ఉంటాయి. ఆకును చూసి తేల్చుకోలేం. మట్టిలో వేలు రెండు కణుపుల లోతుకు గుచ్చి చూడాలి. పొడిగా ఉంటే, కుండీ అడుగు రంధ్రంలోంచి నీరు కారేదాకా పోయండి. చల్లగా, తడిగా తగిలితే చెంబు పక్కన పెట్టండి. కింది పళ్లెంలో చేరిన నీరు పారబోయాలి. వారానికి రెండుసార్లు, మూడుసార్లు అని లెక్క చెప్పేవాళ్ల మాట నేను వినను. మే నెలకూ, ముసురు పట్టిన నవంబరుకూ ఒకే లెక్క ఎలా కుదురుతుంది?

పేరులో లిల్లీ ఉన్నా ఇది లిల్లీ జాతి కాదు. మన కంద, చేమల చుట్టం. ఆ తెల్లని పడగ పువ్వు కాదు, రంగు మారిన ఆకు. దాని మధ్య నిలబడిన కంకి మీద పొక్కుల్లా కనిపించేవే అసలు పూలు. చుట్టరికం రుచిలోనూ ఉంది. కంద దురద మనకు తెలిసిందే కదా. ఈ ఆకు నమిలినా నోరు అలాగే మండుతుంది, కారణం ఆకులోని సూదుల్లాంటి కాల్షియం ఆక్జలేట్ స్ఫటికాలు. పాకే పిల్లలు, పిల్లులు ఉన్న ఇంట్లో ఎత్తులో పెట్టండి.

దీని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా అడవులు. పెద్ద చెట్ల కింద, తేమ గాలిలో, ఆకుల సందుల్లోంచి జారిన వెలుగుతో పెరిగిన మొక్క. దాన్ని తెచ్చి పడమటి కిటికీలో పెడితే మూడు గంటల ఎండకే ఆకు మాడుతుంది. తూర్పు కిటికీకి కాస్త ఎడంగా, దీపం వేయకుండా పేపరు చదువుకోగలిగే చోట పెట్టండి. చీకటి మూలలోనూ బతుకుతుందంటారు. బతుకుతుంది, పూయదు. కొన్నప్పుడు నిండా పూసి, ఇంటికి వచ్చాక నెలల తరబడి పూయకపోతే మాత్రం నొచ్చుకోకండి. అమ్మకం వేళకు పూయించడానికి పెంపకందారులు జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోను చల్లడం మామూలే.

ఆకుల కొనలు గోధుమరంగుకు మాడుతున్నాయా? మన ఊళ్లో నేను ముందు అనుమానించేది బోరు నీటిని. గీజరులో, కుళాయి మూతికి పేరుకునే తెల్లని పెచ్చు చూశారు కదా, ఆ లవణాలే కుండీలోనూ పేరుకుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడతాయి కాబట్టి మేడ మీద రెండు బకెట్లు పెడితే సరి. వేసవిలో ఏసీ గొట్టం నుంచి కారే నీరు పోయవచ్చు, అందులో లవణాలు దాదాపు ఉండవు. నీళ్లు శుద్ధిచేసే ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీరు మాత్రం వద్దు. వృథా పోతోందని చాలామంది మొక్కలకు పోస్తారు, నేనూ పోశాను. వడకట్టిన లవణాలన్నీ ఉండేది అందులోనే.

గాలిని శుభ్రం చేస్తుందన్న ప్రచారం గురించి ఒక్క మాట. 1989లో నాసా పరిశోధన ఒకటి వెలువడింది నిజమే. అది గాలి చొరబడని చిన్న గదుల్లో చేసిన పరీక్ష. తలుపులు తీసి ఉండే మన ఇళ్లలో ఒక్క కుండీ చేసే మేలు లెక్కకు రాదు. అందంగా ఉంటుందని పెంచుకోండి, చాలదా?

ఇప్పుడున్నది నా రెండో మొక్క. మూడేళ్లకు కుండీ నిండి, వేళ్లు అడుగు రంధ్రంలోంచి బయటికి వచ్చాయి. ఎండలు తగ్గాక దుబ్బును విడదీసి, కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు, కాస్త ఇసుక కలిపిన మట్టిలో సగం నాటాను. మిగతా సగం చిత్తూరులో ఉన్న మా చెల్లెలికి బస్సులో పంపాను. ఆ రాత్రే ఫోను.

"అక్కా, నీ మొక్క చచ్చిపోయింది. ఆకులన్నీ వాలిపోయాయి. నీళ్లు పోసెయ్యనా?"

"ఆగు. ముందు మట్టిలో వేలు పెట్టి చూడు."

కాసేపు నిశ్శబ్దం. తర్వాత అడిగింది, "ఏ వేలక్కా?"