మేత చెట్లు మేలా, మోసమా? (స్టూడియో చర్చ, మాట్లాడింది మాట్లాడినట్టు)

మోడరేటర్: నమస్కారం. తోక వెంట్రుకలు ఊడిపోయిన దూడ వీడియో అందరూ చూసే ఉంటారు, రైతులకి ఉచితంగా పంచిన సుబాబుల్ అనే మేత చెట్టు ఆకు తినే ఇలా అయిందంటున్నారు. మా ప్రశ్న ఒక్కటే, ఫ్రీగా ఇస్తే ఇంతేనా? డాక్టర్ గారూ...

పశువైద్యుడు: ఫ్రీ సంగతి తర్వాతండీ. సుబాబుల్లో మైమోసిన్ అని ఒక విషపదార్థం ఉంటుంది. మొత్తం మేతలో మూడో వంతు దాటకుండా పెడితే మామూలుగా ఫర్వాలేదు, పచ్చగా ఉంది కదా అని పూటపూటా అదే పెడితే వెంట్రుకలు ఊడతాయి, చొంగ కారుతుంది, థైరాయిడ్ వాస్తుంది. ఈ ఒక్క ముక్క మొక్కతో పాటు చెప్పారా?

అటవీ శాస్త్రవేత్త: ఒక్క సుబాబుల్ని చూపించి అన్ని చెట్లనీ...

పశువైద్యుడు: పూర్తి చెయ్యనివ్వండమ్మా! హవాయిలో మేకలు ఇదే ఆకు తిని నిక్షేపంగా ఉన్నాయి, ఎందుకూ అని ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రేమండ్ జోన్స్ చూస్తే వాటి పొట్టలో ఆ విషాన్ని విరగ్గొట్టే బాక్టీరియా ఉంది. 1980ల్లో దాన్ని తీసుకెళ్లి ఆస్ట్రేలియా పశువులకి ఎక్కించారు, తర్వాత ఆ బాక్టీరియాకి ఆయన పేరే పెట్టారు. మన పశువుల పొట్టలో అది ఉందో లేదో చూసి ఇచ్చారా మొక్కలు?

మోడరేటర్: హవాయిలో మొక్కలు ఫ్రీగా ఇచ్చారా?

పశువైద్యుడు: అయ్యా, దానికీ దీనికీ...

(ఇద్దరు ముగ్గురు ఒకేసారి)

అటవీ శాస్త్రవేత్త: కెన్యా చూడండి. కాలియాండ్రా అని ఇంకో మేత చెట్టు, దాని పచ్చి ఆకు 3 కిలోలు సుమారు 1 కిలో దాణాకి సాటి వస్తుందని అక్కడ తేలింది. ఒక పాడి ఆవుకి 500 చెట్లు కావాలి, అవి పొలంలో అక్కర్లేదు, గట్ల మీద కంచెలాగా వేసుకుంటారు, అదే చెట్టు పొయ్యిలోకి కట్టెలిస్తుంది, తేనెటీగలకి పూలిస్తుంది...

పశువైద్యుడు: మేత సరిగా అరగనివ్వని వగరు పదార్థాలు, టానిన్లు కూడా ఇస్తుంది! అది చెప్పరేం?

పాడి రైతు: 500 చెట్ల కొమ్మలు కొట్టేదెవరండీ? ఆకు కోసేది నేను, మోసేది నేను, ఎండాకాలం నీళ్లు పోసేదీ నేనే. మొక్కల లెక్క రాసుకునేవాళ్లు నా చేతుల లెక్క రాయరు.

మోడరేటర్: కొనుక్కున్న మొక్కయితే ఇంకాస్త శ్రద్ధగా చూసేవాళ్లేమో కదా?

పాడి రైతు: కొనాల్సొస్తే అసలు నాటేదాన్నే కాదు. నాకు గ్లిరిసిడియా అని ఇంకో మేత మొక్క కూడా ఇచ్చారు. కోసి ఆవు ముందు పెడితే వాసన చూసి మూతి అటు తిప్పేసింది, నాలుగు రోజులు అంతే, పీకేద్దామనుకున్నా. మా అత్త చెప్పింది రాత్రే కోసి పరిచి పొద్దున్న వాడిపోయాక పెట్టమని, మొదట గడ్డిలో గుప్పెడు కలిపా, తర్వాత రెండు గుప్పెళ్లు, ఇప్పుడు తొట్టి నాకుతోంది.

అటవీ శాస్త్రవేత్త: నేను చెప్పేదదే, అలవాటు చెయ్యాలి, మొక్కతో పాటు పద్ధతి...

పశువైద్యుడు: అలవాటంటున్నారు, మరి సుబాబుల్ విత్తనం రాలి నాటని చోట కూడా మొలుస్తుంది, ప్రపంచంలో 100 చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది, దానికేమంటారు? ఇంకొకటి, గ్లిరిసిడియా ఆవు తింటుంది కానీ గుర్రానికి పనికిరాదు...

అటవీ శాస్త్రవేత్త: ఇక్కడ గుర్రాలెవరు పెంచుతున్నారు సార్? కాయ ముదరకముందే కొమ్మ కొడుతుంటే విత్తనం...

పశువైద్యుడు: కొడతారని గ్యారంటీ ఏంటి? కొట్టరు! నేను చూశాను, కొట్టరు!

మోడరేటర్: అంటే డాక్టర్ గారి మాట ప్రకారం ఈ పంపిణీ ఆపేయాలనే తేలింది...

అటవీ శాస్త్రవేత్త: ఎక్కడ తేలింది?

పాడి రైతు: అయ్యా, నా గట్టు మీద సుబాబుల్ మనిషెత్తు పెరిగుంది. రేపు పొద్దున కొయ్యనా వద్దా, కోస్తే ఎంత పెట్టను, చూడి ఆవుకి పెట్టొచ్చా?

పశువైద్యుడు: మంచి ప్రశ్నమ్మా. ముందు మైమోసిన్ అంటే ఏంటో మళ్లీ మొదట్నుంచి చెప్తాను...

మోడరేటర్: టైం అయిపోయింది సార్. ఫ్రీ మొక్కలు కావాలా వద్దా, రేపు మళ్లీ ఇదే టైంకి.