కూలి పైసలు వేరు, చాయ్ పైసలు వేరు

(హన్మకొండలో ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘం అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, ఇంత ఎండలో కూడా వచ్చి కూర్చున్న అక్కలకు, అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

ఉగాది దాటగానే మన ఊళ్లో ఏసీలు బిగించే పని మొదలవుతుంది. సుబేదారి నుంచి గోపాల్‌పూర్ దాకా ఏ గల్లీలోకి పోయినా గోడకు డ్రిల్లింగ్ చప్పుడు వినిపిస్తుంది. ఈ మధ్య సంఘంలో చాలామంది ఒకటే అడుగుతున్నారు. ఏసీ బిగించే పిల్లలకు, ఆర్ఓ ఫిల్టర్ మార్చే అబ్బాయికి, ఫ్రిజ్ మోసుకొచ్చిన హమాలీకి, నెట్ కనెక్షన్ ఇచ్చినతనికి బిల్లు మీద ఇంకేమైనా ఇవ్వాలా? ఇస్తే ఎంత? ఇవ్వకపోతే తప్పా? దీని మీద నన్ను మాట్లాడమన్నారు. నేను చాలా ఏళ్లు ఐటీఐలో పాఠాలు చెప్పినవాణ్ని. రిఫ్రిజిరేషన్, ఏసీ ట్రేడులో రెండేళ్లు చదివి బయటికి పోయిన పిల్లలే ఇవాళ మీ ఇళ్ల తలుపు కొడుతున్నారు. వాళ్లు చెప్పినవీ, నేను చూసినవీ కలిపి మాట్లాడతాను.

నా మాట ముందే చెప్పేస్తాను. న్యాయమైన కూలి ఇవ్వకుండా ఇచ్చే టిప్పును నేను దాతృత్వం అనను. ముందు కూలి సరిగ్గా ఇవ్వాలి, గౌరవంగా చూడాలి. ఆ తర్వాతే చాయ్ పైసల మాట.

ఏసీ పిల్లవాడి సంగతి తీసుకుందాం. మీరు షాపులో ఏసీ కొంటారు. కంపెనీ ఆ పనిని సర్వీస్ సెంటర్‌కు ఇస్తుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు ఈ పిల్లవాడికి ఫోన్‌లో ఒక ‘కాల్’ వేస్తారు. వీళ్లలో చాలామందికి నెల జీతం ఉండదు, కాల్‌కు ఇంత అని ఇస్తారు. బండి వాడిదే, పెట్రోలు వాడిదే, డ్రిల్ బిట్టు విరిగితే ఆ ఖర్చూ చాలాసార్లు వాడిదే. ఒకటిన్నర టన్ను ఏసీ బయటి యూనిట్ మామూలుగా పాతిక, ముప్పై కిలోలు ఉంటుంది. లిఫ్ట్ లేని ఇంట్లో దాన్ని ఇద్దరు పట్టుకుని మూడో అంతస్తుకు ఎక్కించాలి. ఆ తర్వాత ఒకడు కిటికీలోంచి సగం బయటికి వంగి గోడకు స్టాండ్ బిగించాలి. మన వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నడుముకు బెల్టు కట్టుకుని పనిచేసే పిల్లలను నేను తక్కువే చూశాను. మీ ఇంట్లో ఎవరైనా బెల్టు లేకుండా బయటికి వంగితే ఆపండి. ‘తమ్మీ, బెల్టు తెచ్చుకుని రా, రేపు చేసినా ఫర్వాలేదు’ అనండి. ఏ టిప్పు కన్నా ఆ మాట వాడికి ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక్కడే గొడవ కూడా మొదలవుతుంది. ‘ఇన్‌స్టాలేషన్ ఫ్రీ అన్నారు కదా, మళ్లీ పైసలేంది?’ అని. చాలా ఏసీలకు డబ్బాలో మూడు మీటర్ల రాగి పైపు వస్తుంది. మన ఇంట్లో ఐదు మీటర్లు పడితే మిగతా రెండు మీటర్లకు మీటరు లెక్కన కట్టాలి. స్టాండ్‌కు వేరే, డ్రెయిన్ పైపు పొడిగిస్తే దానికి వేరే. ఇవి వాడి జేబులోకి పోయే పైసలు అనుకుని మనం వాడి మీద అరుస్తాం. పని మొదలు పెట్టకముందే రేటు కార్డు అడగండి, ఫోన్‌లో చూపిస్తారు. కంపెనీ బిల్లును కంపెనీ లింకుకే కట్టండి, బిల్లు తీసుకోండి. ‘బిల్లు వద్దు సార్, నాకే ఇచ్చేయండి, తక్కువ పడుతుంది’ అంటే ఒప్పుకోవద్దు. రేపు గ్యాస్ లీకైతే వారంటీ దగ్గర మాట పడేది మీరే. చాయ్ పైసలు మాత్రం ఆ బిల్లుతో కలపకుండా నేరుగా వాడి చేతికే ఇవ్వండి. నోటు ఇచ్చినా, వాడి సొంత నంబరుకు ఫోన్‌పే చేసినా ఫర్వాలేదు.

పని నాణ్యతకూ మనం వాళ్లతో మాట్లాడే తీరుకూ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. రాగి పైపు కలిపిన తర్వాత వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలినీ తేమనూ పూర్తిగా లాగేయాలి. దీనికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. తేమ లోపలే ఉండిపోతే కూలింగ్ తగ్గుతుంది, కంప్రెసర్ పాడవుతుంది. సీజన్‌లో రోజుకు అన్నన్ని కాల్స్ మీద పడ్డ పిల్లవాడు మొదట ఎగ్గొట్టేది ఈ పనినే. అందుకే ‘తొందరగా కానియ్యి’ అని వాడి నెత్తిన కూర్చోకండి. ‘వ్యాక్యూమ్ పెట్టు తమ్మీ, అది అయ్యేలోపు చాయ్ తాగు’ అనండి. మా పిల్లలు అందరూ చెప్పే మాట ఇది: పని తెలిసిన కస్టమర్, మంచిగా మాట్లాడే కస్టమర్ ఇంట్లో చెయ్యి తానే నిదానంగా నడుస్తుంది.

అయితే పనికి ముందే ‘మంచిగ చెయ్, నిన్ను చూసుకుంటా’ అనడం నాకు నచ్చదు. మంచిగా చేయడం వాడి వృత్తి. రెండేళ్లు చదివి నేర్చుకున్న పనిని యాభై రూపాయల ఆశ మీద చేస్తాడనడం వాడిని తక్కువ చేయడమే. పని అయ్యాక ఏసీ నడిపించి చూసుకోండి, నీళ్లు సరిగ్గా పోతున్నాయో లేదో చూడండి. అప్పుడు ఇవ్వండి. కంపెనీ పంపిన ఓటీపీ, వాళ్లు ‘హ్యాపీ కోడ్’ అనేది, పని పూర్తయ్యాకనే చెప్పండి. చెప్పాల్సిన సమయానికి ఆలస్యం చేయకండి, ఎందుకంటే ఆ కోడ్ లేకుండా వాడి కాల్ క్లోజ్ కాదు, పైసలు రావు. ఐదు స్టార్లు అడిగితే, పని బాగుంటే ఇవ్వండి. రేటింగ్ పడిపోతే వాడికి వచ్చే పని కూడా తగ్గొచ్చు.

ఎంత అని అడిగారు కదా. నా లెక్క నేను చెబుతాను, మీ శక్తిని బట్టి మీరు మార్చుకోండి. ఫిల్టర్ మార్చడం, నెట్ బాక్స్ పెట్టడం లాంటి చిన్న పనికి యాభై రూపాయలు చాలు. ఇవ్వకపోయినా తప్పేం లేదు. బరువు మోసిన పనికి, ఎత్తున నిలబడి చేసిన పనికి మనిషికి వంద నుంచి రెండు వందలు. ‘మనిషికి’ అని ఎందుకు అంటున్నానంటే, ముందు నిలబడి మాట్లాడేవాడు ఒకడుంటాడు, వెనక డబ్బా మోసిన హెల్పర్ ఇంకొకడుంటాడు. మనం మాట్లాడేవాడి చేతిలో పెడతాం, హెల్పర్ దాకా అది చేరిందో లేదో మనకు తెలియదు. ఇద్దరికీ విడివిడిగా ఇవ్వండి. ఇవ్వలేని ఇల్లు కూడా ఉంటుంది. పింఛను మీద బతికే పెద్దవాళ్లు, అప్పు చేసి కూలర్ కొన్నవాళ్లు టెన్షన్ పడాల్సిన పని లేదు. చల్లటి నీళ్లు ఇచ్చి, ‘మంచిగ చేసినవ్ బిడ్డా’ అంటే చాలు.

సొంతంగా పనిచేసే ప్లంబరు, ఎలక్ట్రీషియన్, కార్పెంటర్, పెయింటర్ విషయంలో నాది వేరే అభిప్రాయం. వాళ్ల రేటు వాళ్లే చెబుతారు. అక్కడ టిప్పు కన్నా బేరం ఆపడం ముఖ్యం. ఐదు వందలు చెప్పినతన్ని మూడు వందలకు దింపి, పోయేటప్పుడు ఇరవై రూపాయలు ‘చాయ్ తాగు’ అని ఇచ్చి పెద్దమనుషులం అనుకునేవాళ్లను మనమందరం చూశాం. మన ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో హమాలీలకు బస్తాకు ఇంత అని రేటు ఉంటుంది. వాళ్ల సంఘాలు కొట్లాడి, మార్కెట్ కమిటీతో, వ్యాపారులతో కూర్చుని తేల్చుకున్న రేటు అది. అక్కడ ఏ రైతూ ఏ సేటూ ఒక్కో బస్తా దగ్గర నిలబడి బేరం ఆడడు. మన ఇంటి గుమ్మం ముందుకు వచ్చిన మనిషి వెనక సంఘం లేదు కాబట్టే ఆయనతో ఇంతసేపు బేరం ఆడగలుగుతున్నాం.

ఈ నేల మీద ఈ మాట గట్టిగా చెప్పాలి. నిజాం కాలంలో మన పల్లెల్లో వెట్టి నడిచింది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ప్రతి కులం వాళ్లూ దొర గడికి కూలి లేకుండా పనిచేశారు. పండక్కి ఒక పాత బట్టో, మిగిలిన అన్నమో పెడితే అది దొర దయ అనిపించుకుంది. పాలకుర్తిలో ఐలమ్మ తాను కౌలుకు దున్నిన పొలం పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడింది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం వెట్టిని నేలమట్టం చేసింది. ఆ పోరాటం అడిగింది చేసిన పనికి హక్కుగా రావాల్సింది. కాబట్టి కూలి తగ్గించి దయ చూపించే అలవాటు మళ్లీ మన ఇళ్లలోకి రాకూడదని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

దయ మీద జీతం ఆధారపడితే ఏమవుతుందో చూడాలంటే అమెరికా వైపు చూడండి. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే సరిపోతుంది, టిప్పులు కలిపి కనీస వేతనం దాకా వస్తే చాలు. 1991 నుంచి ఆ అంకె మారలేదు. కొన్ని రాష్ట్రాలు సొంతంగా పెంచుకున్నాయి, అది వేరే సంగతి. మన దగ్గర కనీస వేతనంలో టిప్పును లెక్కగట్టే పద్ధతి లేదు. యాప్ కంపెనీలు మన చేత టిప్పులు ఇప్పించి తాము ఇచ్చేది తగ్గించుకుంటే ఆ దారిలోకే పోతాం. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ గిగ్ వర్కర్లను, అంటే నెల జీతం లేకుండా యాప్‌లలో పనికి ఇంత అని చేసేవాళ్లను, మొదటిసారి చట్టంలో గుర్తించింది. యాప్ కంపెనీలు తమ టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం వాళ్ల సంక్షేమానికి కట్టాలని చెప్పింది. ఆ పైసలు నిజంగా వాళ్లకు అందేదాకా మనం అడుగుతూనే ఉండాలి.

ప్రభుత్వ సిబ్బంది విషయం సూటిగా చెబుతాను. మీటరు బిగించడానికి వచ్చిన కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ లైన్‌మన్, నల్లా కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కార్పొరేషన్ మనిషి పైసలు అడిగితే అది లంచం. 1988 అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక ఇచ్చినవాడు కూడా నేరస్థుడే. బలవంతం మీద ఇస్తే ఏడు రోజుల్లో ఫిర్యాదు చేయాలి. ఏసీబీ నంబరు 1064. అర్ధరాత్రి వానలో స్తంభం ఎక్కి కరెంటు తెచ్చిన లైన్‌మన్‌కు వేడి చాయ్ ఇవ్వండి, ఆ ఆఫీసుకు మెచ్చుకుంటూ ఒక ఉత్తరం రాయండి. అది ఆయన సర్వీసులో పనికొస్తుంది. గ్యాస్ సిలిండర్ ధరలోనే ఇంటికి తెచ్చిచ్చే చార్జీ కలిసి ఉంటుంది. రసీదు మీద ఉన్న ధరకు మించి అడిగే హక్కు ఎవరికీ లేదు. 14.2 కిలోల గ్యాస్ ఉందో లేదో తూచి చూపించమని అడిగే హక్కు మీకుంది. మెట్లెక్కి తెచ్చినందుకు మీరే ఇష్టంగా ఇస్తే అది మీ మంచితనం.

దసరా మామూలు మన దగ్గర తరాలుగా ఉంది. వాచ్‌మన్‌కు, పనిమనిషికి, చెత్త బండి వాళ్లకు ఇవ్వండి. పనిమనిషికి చీరతో సరిపెట్టకుండా కనీసం సగం నెల జీతమైనా ఇవ్వాలని నా కోరిక.

డబ్బు కన్నా ముందు ఇంకోటి ఉంది. పనివాళ్లకు విడిగా ఒక స్టీలు గ్లాసు పెట్టే ఇళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసి దశాబ్దాలు దాటింది. పేరు అడిగి, ఊరు అడిగి, ఆ తర్వాత ఏ గ్లాసులో నీళ్లివ్వాలో తేల్చుకునే ఇంట్లో వంద రూపాయల టిప్పు ఎంత బాధ పెడుతుందో నా విద్యార్థులు చెప్పగా విన్నాను. మనం తాగే గ్లాసులోనే ఇవ్వండి. ఇంటికొచ్చి ఫేషియల్, వాక్సింగ్ చేసే ఆడపిల్లలు పొద్దున్నే బయల్దేరి నాలుగు ఇళ్లు తిరుగుతారు. బాత్రూమ్ వాడుకోవచ్చా అని అడగడానికి సిగ్గుపడి నీళ్లు తాగడం మానేస్తారు. అక్కల్లారా, వాళ్లు అడగకముందే మీరే చూపించండి.

ఇంకో మేలు కూడా మన చేతుల్లో ఉంది. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి కట్టేది 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి వచ్చేది 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ల లోపు, బ్యాంకు ఖాతా ఉన్న ఎవరైనా చేరొచ్చు. మీ ఎలక్ట్రీషియన్‌ను అడిగి చూడండి, చేరాడో లేదో. ఇళ్ల నిర్మాణంలో పనిచేసే ప్లంబరు, ఎలక్ట్రీషియన్, పెయింటర్, కార్పెంటర్ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో సభ్యులు కావచ్చు. ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసినట్టు చూపించాలి. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు మన కాలనీలోనే చాలామంది ఉన్నారు. మీ దగ్గర పనిచేసిన రోజులకు కాగితం అడిగితే రాసివ్వండి, దాటవేయకండి.

సంఘానికి నా మనవి ఒకటే. మన కాలనీకి తరచూ వచ్చే ప్లంబర్లను, ఎలక్ట్రీషియన్లను, కూలర్ రిపేరు వాళ్లను వచ్చే ఆదివారం ఇక్కడికి పిలుద్దాం. ఏ పనికి ఎంత అనేది వాళ్ల ముందే మాట్లాడి, వాళ్లు ఒప్పుకున్న రేట్లు ఆఫీసు గోడ మీద రాసి పెడదాం. కమ్యూనిటీ హాలు బాత్రూమ్ తాళం పగలంతా తీసి ఉంచుదాం, గేటు దగ్గర పనివాళ్లకు కనిపించేలా బోర్డు పెడదాం. దీనికి అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పండి, వింటాను.