పాత గోల్ఫ్ కార్టుకు ఛార్జింగ్ ఎక్కకపోతే ముందు బ్యాటరీలు చూడండి

అందరికీ నమస్కారం. రిసార్టుల్లో, ఆసుపత్రుల్లో, గేటెడ్ కమ్యూనిటీల్లో పాత కార్టుల మెయింటెనెన్స్ చూసేవాళ్లే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరుగా పనిలోకి వెళ్దాం. ఈరోజు మాట్లాడేది నీళ్లు పోసే లెడ్ యాసిడ్ బ్యాటరీలతో నడిచే బండ్ల గురించే. లిథియం బండ్ల లెక్క వేరు.

ప్లగ్గు పెట్టగానే ఛార్జర్‌లో రిలే (కరెంటుతో దానంతటదే పడే స్విచ్చు) టక్కుమనాలి, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనాలి, ఆమ్మీటరు ముల్లు 15, 20 ఆంపియర్ల దాకా లేవాలి. ఏ చప్పుడూ రాకపోతే ఛార్జర్ పోయిందనుకుంటారు. కొందరు ఇంకో అడుగు వేసి, ఛార్జర్ డీసీ వైర్లకు మీటరు పెట్టి, సున్నా చూపించగానే తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు చాలాసార్లు తప్పు. పాత ఆటోమేటిక్ ఛార్జర్లలో చాలావాటికి రిలే పడాలంటే బ్యాటరీల వైపు నుంచి వోల్టేజీ అందాలి. బ్యాటరీలు తగిలించకుండా కొలిస్తే బాగున్న ఛార్జర్ కూడా సున్నానే చూపిస్తుంది. బ్యాటరీలు మరీ దిగిపోయినా అంతే, రిలే పడదు. నెలల తరబడి మూలన పెట్టిన బండిలో జరిగేది సాధారణంగా ఇదే.

మీటరు పట్టుకునే ముందు చేతి ఉంగరాలు, గడియారం, కడియం తీసేయండి. కళ్లద్దాలు పెట్టుకోండి. టో (లాక్కెళ్లడానికి), రన్ (నడపడానికి) స్విచ్చు ఉన్న బండి అయితే టోలో పెట్టండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. ఛార్జింగ్ నడుస్తుండగా బండి వైపు ప్లగ్గు ఎప్పుడూ లాగొద్దు. అక్కడ నిప్పురవ్వ పుడుతుంది, బ్యాటరీల మీద హైడ్రోజన్ ఉంటుంది. ముందు గోడ స్విచ్చు ఆపాలి.

ఇప్పుడు మొత్తం సెట్టు వోల్టేజీ చూడండి. ఈజెడ్‌గో టీఎక్స్‌టీ లాంటి 36 వోల్టుల బండిలో 6 వోల్టులవి ఆరు ఉంటాయి. 48 వోల్టుల క్లబ్ కార్ డీఎస్‌లో 8 వోల్టులవి ఆరు. ఫుల్ ఛార్జి ఎక్కించి కొన్ని గంటలు వదిలేశాక 36 సెట్టు దాదాపు 38.2, 48 సెట్టు దాదాపు 50.9 చూపాలి. రిలే ఎక్కడ మొరాయిస్తుందో మోడల్‌ని బట్టి మారుతుంది గానీ, 36 సెట్టు 30 కిందికి, 48 సెట్టు 40 కిందికి దిగితే మొదటి అనుమానం బ్యాటరీల మీదే.

తర్వాత ఒక్కో బ్యాటరీని విడిగా కొలిచి, సుద్దముక్కతో దాని మీదే అంకె రాయండి. అన్నీ సమానంగా దిగి ఉంటే అది వట్టి డిశ్చార్జి. ఒకటి మాత్రం మిగతావాటికన్నా 2 వోల్టులు తక్కువ ఉంటే, అంటే పక్కవి 6.3 ఉండగా అది 4.2 ఉంటే, దాంట్లో ఒక సెల్లు షార్ట్ అయింది. అలాంటి బ్యాటరీ ఉన్న సెట్టులో ఛార్జర్ పూర్తి వోల్టేజీకి చేరలేదు, ముల్లు కిందికి దిగదు, మిగతా ఐదూ అదనపు ఛార్జింగ్‌తో కాగిపోతాయి. యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ఉంటే ఇంకా మంచిది. ఫుల్ ఛార్జి తర్వాత సెల్లు సెల్లుకీ 1.265, 1.280 మధ్య రావాలి. ఒక్క సెల్లు మిగతావాటికన్నా 0.050 తగ్గినా అది జబ్బు సెల్లే.

అన్నీ సమానంగా దిగిన సెట్టును లేపడం కష్టం కాదు. 6 వోల్టులవైతే వరసలో పక్కపక్కనున్న రెండింటిని జతగా తీసుకుని, మామూలు 12 వోల్టుల కారు ఛార్జర్‌తో జతకు అరగంట చొప్పున ఎక్కించండి. పాత మాన్యువల్ ఛార్జర్ అయితే పని సులువు, స్మార్ట్ ఛార్జర్లు కూడా తక్కువ వోల్టేజీ చూసి అలిగి కూర్చుంటాయి. 8 వోల్టుల బ్యాటరీలకు ఈ ఉపాయం పనికిరాదు. 8 వోల్టుల ఛార్జర్ కావాలి, లేదా బెంచ్ పవర్ సప్లైని 9.6 వోల్టులకు, 10 ఆంపియర్లకు పరిమితం చేసి ఒక్కోదానికీ పెట్టాలి. సెట్టు వోల్టేజీ లేచాక బండి ఛార్జర్ తగిలిస్తే టక్కుమంటుంది.

ఛార్జి ఎక్కించేముందు మూతలు తీసి చూడండి. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత వరకే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మిగతాది ఛార్జి పూర్తయ్యాకే, మూత గొట్టం అడుగుకు 3 మిల్లీమీటర్ల కింది దాకా. ముందే నింపితే ఛార్జింగ్‌లో యాసిడ్ పొంగి పొర్లుతుంది. మన ఎండాకాలంలో రెండు వారాలకోసారి మూత తీయక తప్పదు. బోరు నీళ్లు వద్దే వద్దు. ఇంటి ఆర్వో నీళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో సమానమని అనుకునేవాళ్లున్నారు, కాదు. వాటిలో కరిగిన లవణాలు ఇంకా మిగిలే ఉంటాయి.

బ్యాటరీలు బాగుండీ ముల్లు సగమే లేస్తోందా? అప్పుడు వైర్లు. పైకి శుభ్రంగా కనిపించే లగ్గు (టెర్మినల్‌కు బిగించే వైరు చివర) లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. కాసేపు బండి నడిపి వెంటనే లగ్గుల మీద చేయి పెట్టండి, వేడిగా ఉన్నదే దొంగ. వంటసోడా నీళ్లతో కడిగి, వైర్ బ్రష్షుతో తోమి, 11, 12 న్యూటన్ మీటర్లకు మించకుండా బిగించండి. టెర్మినల్ సీసం, బలం చూపిస్తే అరిగిపోతుంది. ఛార్జింగ్ సాకెట్ లోపలి క్లిప్పులు వదులై ప్లాస్టిక్ కరిగిందేమో కూడా చూడండి. సన్నటి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు ఉంటే దాన్ని తీసేసి మళ్లీ పరీక్షించండి.

1995 నుంచి చాలా ఏళ్లపాటు వచ్చిన 48 వోల్టుల క్లబ్ కార్లలో ఒక మెలిక ఉంది. ఛార్జింగ్ ఎప్పుడు మొదలవ్వాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది ఛార్జర్ కాదు, బండిలోని ఆన్‌బోర్డ్ కంప్యూటర్. బ్యాటరీ నెగటివ్ వైరు ఆ పెట్టె రంధ్రంలోంచి వెళ్తుంది, ఎంత కరెంటు పోయిందో, వచ్చిందో అది అలా లెక్కపెట్టుకుంటుంది. బ్యాటరీలు మార్చేటప్పుడు ఆ వైరును బయటినుంచి వేసేస్తే లెక్క తప్పుతుంది. కంప్యూటర్ తికమకపడిందనిపిస్తే స్విచ్చు టోలో పెట్టి, మెయిన్ నెగటివ్ ఊడదీసి, అరగంట ఆగి మళ్లీ తగిలించండి. దాన్ని తప్పించి జంపర్‌తో ఛార్జి పెట్టేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే ఆపడానికి ఎవరూ ఉండరు, రాత్రంతా వదిలేస్తే సెట్టు ఉడికిపోతుంది.

ఇవన్నీ అయ్యాకే ఛార్జర్ మూత విప్పాలి. గోడ ప్లగ్గు, బండి ప్లగ్గు రెండూ తీసి, కెపాసిటర్‌ను (ప్లగ్గు తీసినా కరెంటు దాచుకునే డబ్బా) 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేశాకే చేయి పెట్టండి. ఫ్యూజు పదేపదే పోతుంటే డయోడ్ (కరెంటును ఒకవైపుకే పోనిచ్చే భాగం) షార్ట్. ఆంపియర్లు సగమే వస్తుంటే రెండు డయోడ్లలో ఒకటి తెగింది. మీటరు డయోడ్ మోడ్‌లో, ఒక కాలు విడదీసి చూస్తే ఒకవైపు 0.4 నుంచి 0.7 చూపాలి, రెండోవైపు ఏమీ చూపకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ మోగుతున్నా ముల్లు కదలకపోతే ముందు కెపాసిటర్‌ను అనుమానించండి. డబ్బా ఉబ్బి ఉందేమో చూసి, మైక్రోఫారడ్ విలువ దాని మీద అచ్చయిన అంకెకు దగ్గరగా ఉందో లేదో కొలవండి.

అమెరికా నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన బండ్లతో వచ్చే పాత ఛార్జర్ సంగతి మనకు ప్రత్యేకం. 120 వోల్టులది కదా అని స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేస్తారు. వోల్టేజీ సరిపోతుంది గానీ ఫ్రీక్వెన్సీ సరిపోదు. ఆ ఫెర్రో రెజోనెంట్ ట్రాన్స్‌ఫార్మర్, దాని కెపాసిటర్ 60 హెర్ట్జ్‌కు శ్రుతి చేసినవి. మన 50 హెర్ట్జ్ మీద అవుట్‌పుట్ బాగా పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాగుతుంది, బ్యాటరీలు ఎప్పటికీ ఫుల్ కావు, కొన్నాళ్లకు సల్ఫేట్ పట్టి చస్తాయి. దాన్ని రిపేరు చేయించడం డబ్బు దండగ. 230 వోల్టుల, 50 హెర్ట్జ్ ఎలక్ట్రానిక్ ఛార్జర్ కొనండి. సెట్టు వోల్టేజీ, ఫ్లడెడ్ (నీళ్లు పోసే) లెడ్ యాసిడ్ సెట్టింగ్ రెండూ కలవాలి. ఆన్‌బోర్డ్ కంప్యూటర్ ఉన్న క్లబ్ కార్‌కైతే, ఆ కంప్యూటర్ అవసరం లేకుండా తనంతట తానే మొదలై ఆగేదా కాదా అని కొనేముందే అడిగి తీసుకోండి.